నెత్తురు నడచు త్రోవ

మన యిండ్లలో ఎవరికైనను సుస్తీ చేసినప్పుడు 'నరము' అను మాట పలుమార్లు వినబడును. మోచేతి మడతలో వైద్యుడు మందు ఎక్కించినచో నరమునకు సూది వేసిరందుము. మెడ తిప్పలేకపోయినచో నరము పట్టినదందుము. కాళ్లు తిమ్మిరులెక్కి పట్టు తప్పినచో నరముల బలహీనత యందుము. మాట యొకటే, కాని ఆ మాట సూచించు వస్తువులు శరీరమున మూడు కలవు. మొదటిది రక్తమును మోయు గొట్టము. రెండవది కండరమును ఎముకకు బిగించి కట్టు త్రాటి వంటి పట్టె. మూడవది మెదడునకును అవయవములకును నడుమ వార్తలను మోయు తంతువు. వీనిలో ఒకదాని పని మరియొకటి చేయజాలదు.

ఇట్లు మూటికి ఒక్క పేరే ఉండుట మన భాషకు మాత్రమే చెల్లిన లోపము కాదు. గ్రీకులు 'న్యూరాన్' అను మాటను మొదట కండరపు పట్టెకును, వింటినారికిని వాడిరి. నేడు ఆ మాటయే మెదడులోని జీవకణమునకు పేరైనది. పైకి చూచుటకు తెల్లగా, సాగి, గట్టిగా నున్న ప్రతి వస్తువును పూర్వులు ఒక్క తెగగా నెంచిరి. కోసి చూచి, ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగియుచున్నదో పరిశీలించిన పిదపగాని భేదము తెలియలేదు. భేదము తెలిసిన తరువాత గూడ పాత పేరు పోలేదు. పాత యింటిలో క్రొత్త కాపురము పెట్టినట్లు, పాత మాటలో క్రొత్త అర్థము కాపురముండెను.

శరీరమును గూర్చిన విద్యకు రెండు శాఖలు. ఏ అవయవము ఎక్కడ ఉన్నది, దేనితో కూడియున్నది అని చెప్పునది శరీర నిర్మాణ శాస్త్రము. ఆ అవయవము ఏమి చేయుచున్నది, ఎట్లు చేయుచున్నది అని చెప్పునది శరీర ధర్మ శాస్త్రము. ఈ రెండును కవల పిల్లలవలె ఒక్కసారి పుట్టినవని తలచుట సహజమే. కాని చరిత్ర అట్లు నడువలేదు. గుండె యొక్క గదులు, తలుపులు, గొట్టములు మనుష్యునకు రెండు వేల సంవత్సరములకు పూర్వమే తెలియును. ఆ గుండె ఏమి చేయుచున్నదో మాత్రము 1628 వరకు లోకమునకు తేటపడలేదు. భాగములన్నియు తెలిసియు పని తెలియకుండుట ఎట్లు సాధ్యమైనది? ఈ ప్రశ్నకు సమాధానమే నేటి ప్రసంగ విషయము.

గుండెనుండి రక్తమును బయటికి గొనిపోవు గొట్టమును మనము 'ధమని' అందుము. ఈ సంస్కృత పదము ఊదుట అను అర్థము గల ధాతువునుండి పుట్టినది. కమ్మరి కొలిమి యొద్ద తిత్తితో గాలి ఊదుటకును ఈ ధాతువే వాడుదురు. గుండెకు రక్తమును తిరిగి తెచ్చు గొట్టము 'సిర'. ఇది పారుట, కదలుట అను అర్థము గల ధాతువునుండి వచ్చినది. ఈ రెండు వ్యుత్పత్తులను చరకసంహితయే చెప్పుచున్నది. ఇక పాశ్చాత్యుల 'ఆర్టరీ' అను పదము గ్రీకు 'ఆర్టీరియా' నుండి వచ్చినది. గ్రీకులు అదే మాటతో కంఠములోని ఊపిరి గొట్టమును గూడ వ్యవహరించిరి. కావున ఇక్కడను ఊదుట, అక్కడను ఊపిరి! నిలువెల్ల నెత్తురుతో నిండిన గొట్టమునకు గాలి పేరు ఎట్లు అంటినది?

మన ధమని విషయమున, నాడి కొట్టునప్పుడు అది తిత్తివలె ఉబ్బుటచేత ఆ పేరు వచ్చినదని చెప్పుకొనుటకు వీలున్నది. గ్రీకుల విషయమున కారణము స్పష్టమే. ప్రాణము పోయిన తరువాత ధమనుల దళసరి గోడలు ముడుచుకొని తమలోని రక్తమును చాలవరకు సిరలలోనికి నెట్టివేయును. శవమును కోసినవానికి సిరలు నల్లని నెత్తురుతో నిండియుండుటయు, ధమనులు ఒట్టివిగా నుండుటయు కనబడును. ఒట్టి గొట్టములో గాలియే యున్నదని తలచుట అవివేకము కాదు. వారు కన్నది నిజమే. కాని చచ్చిన దేహమున కన్నదానిని బ్రదికిన దేహమునకు అన్వయించిరి. కథ అంతయు ఇక్కడనే చిక్కుపడినది.

మన దేశమున శరీరమును కోసి చూడవలెనను పట్టుదల సుశ్రుతసంహితలో గట్టిగా కనబడును. శస్త్రవైద్యము చేయగోరువాడు గ్రంథమును చదివి ఊరకుండరాదనియు, శరీరమును కన్నులార చూడవలెననియు ఆ గ్రంథము శాసించుచున్నది. అందులకు విధానము గూడ చెప్పబడినది. శవమును గడ్డితోను నారతోను చుట్టి, పంజరమున నుంచి, మరుగైన చోట పారు నీటిలో ఏడు రాత్రులు నానబెట్టవలెను. పిమ్మట వట్టివేళ్లతోనో వెదురుతోనో చేసిన కుంచెతో మెల్లమెల్లగా రాచుచు, చర్మము మొదలుకొని ఒక్కొక్క పొరను తొలగించుచు చూడవలెను. కత్తితో పనిలేని ఈ పద్ధతి ఎముకలను, కీళ్లను, కండరములను చూచుటకు మిక్కిలి తగినది. కాని ఏడు దినములు నానిన దేహమున మెత్తని అవయవముల నిర్మాణమును, సన్నని గొట్టముల దారిని కనిపెట్టుట దుర్లభము.

అందుచేతనే కాబోలు, సుశ్రుతసంహితలో ధమనులు 24 అనియు, సిరలు 700 అనియు, వానికెల్ల మూలము నాభి యనియు ఉన్నది. బండిచక్రపు కుండనుండి ఆకులు నలుదిక్కులకు వ్యాపించినట్లు నాభినుండి సిరలు వ్యాపించునని ఆ గ్రంథ భావము. గర్భస్థ శిశువునకు నాభిద్వారముననే తల్లినుండి పోషణ అందునని ఎరిగినవారికి ఈ భావన తోచుట సహజము. ఎముకల లెక్కయు అట్టిదే. చరకుడు 360 అనెను. సుశ్రుతుడు 300 అనెను. నేడు పెద్దవారి శరీరమున 206 అని లెక్కించుచున్నాము. పూర్వులు దంతములను, మృదులాస్థులను గూడ ఎముకలలో చేర్చిరి. లెక్క వేరగుటకు కన్ను మసకబారుట కారణము కాదు. ఏది ఎముక అను నిర్వచనమే వేరు.

ఇక గ్రీకుల సంగతి. క్రీ. పూ. 3వ శతాబ్దమున ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరమున హెరోఫిలస్, ఎరాసిస్ట్రాటస్ అను ఇద్దరు వైద్యులు మానవ దేహములను కోసి పరిశోధించిరి. నరములను కండరపు పట్టెలనుండి వేరుచేసి, అవి మెదడునకు సంబంధించినవని గుర్తించిన ఘనత హెరోఫిలస్‌ది. నీటి గడియారముతో నాడి వేగమును కొలిచినవాడును అతడే. ఎరాసిస్ట్రాటస్ గుండెలోని తలుపులను చక్కగా వర్ణించి, అవి ఒకవైపునకే తెరచుకొనునని చెప్పెను. ఇంత చూచినవాడును ధమనులలో ఉన్నది ప్రాణవాయువు వంటి పదార్థమేనని నమ్మెను. మరి ధమని తెగినప్పుడు నెత్తురు చిమ్ముచున్నదేమి అని అడిగినచో, లోని వాయువు ముందుగా తప్పించుకొనిపోవుటచే ప్రక్కనున్న సిరలనుండి రక్తము అందులోనికి లాగబడుచున్నదని సమాధానము చెప్పెను. నమ్మకము బలముగా నున్నప్పుడు కంటికి కనబడునది గూడ దానికి దాస్యము చేయును.

ఈ భ్రమను తొలగించినవాడు గేలెన్. ఇతడు క్రీ. శ. 129లో ఆసియా మైనరులోని పెర్గమమ్ నగరమున జన్మించెను. కొంతకాలము అక్కడి గ్లాడియేటర్లకు వైద్యుడై, పిదప రోము నగరమున చక్రవర్తులకు వైద్యము చేసెను. బ్రదికియున్న జంతువు ధమనిని రెండు చోట్ల దారముతో గట్టిగా కట్టి, ఆ రెండు ముళ్లకు నడుమ కోసి చూపెను. ఎక్కడనుండియు ఏదియు లాగబడుటకు వీలులేదు; ఐనను లోపలనుండి నెత్తురే వచ్చినది. అందరును చేయదగిన ఇంత చిన్న పరీక్షతో తరతరముల వివాదము తీరెను.

కాని అదే గేలెన్ మరియొక పెద్ద భ్రమను లోకమునకు విడిచిపోయెను. అతని సిద్ధాంతము ప్రకారము మనము తిన్న అన్నము కాలేయమున రక్తముగా మారును. ఆ రక్తము సిరల ద్వారమున అవయవములకు పోయి, పొలమునకు పెట్టిన నీరువలె అక్కడనే ఇంకిపోవును. ఏ పూటకు కావలసిన రక్తము ఆ పూట తయారగుచుండును. దానిలో కొంత గుండె కుడిభాగమున చేరి, నడిమి గోడలోని కంటికి కనబడని రంధ్రములగుండ ఎడమభాగమునకు చెమర్చి, అక్కడ ఊపిరితో కలిసి ధమనులలోనికి పోవును. ఈ సిద్ధాంతమున రక్తమునకు ప్రయాణము కలదు. తిరుగు ప్రయాణము లేదు. పైగా గేలెన్ నాటి రోములో మానవ దేహమును కోయుటకు వీలులేదు. అతడు కోతులను, పందులను కోసి, చూచినదానిని మనుష్యులకు ఆరోపించెను.

ఈ సిద్ధాంతము పుస్తకములలో నిలిచిపోయినచో నష్టము లేకపోవును. కాని అది రోగి మంచము దగ్గరకు వచ్చెను. రక్తము అవసరమునకు మించి తయారై ఎక్కడనో నిలిచిపోవుటయే జ్వరమునకును, వాపునకును కారణమని వైద్యులు తలచిరి. కావున చేయి కోసి నెత్తురు తీయుట, జలగలు పట్టించుట సర్వరోగములకును చికిత్స యైనది. తీసిన నెత్తురు భోజనముతో వెంటనే తిరిగి వచ్చునను నమ్మకము ఉన్నప్పుడు ఎంత తీసినను భయమెందులకు? ఒక తప్పు ఊహ ఎందరి ప్రాణములతో ఆడుకొన్నదో లెక్క చెప్పగలవారు లేరు.

గేలెన్ మాటను మొదట స్పష్టముగా కాదన్నవాడు యూరపు ఖండమువాడు కాడు. 1213లో డమాస్కస్ నగరమున జన్మించి, కైరో నగరమున వైద్యుడై, 1288లో మరణించిన ఇబ్న్ అల్-నఫీస్ అను విద్వాంసుడు, ఇబ్న్ సీనా వైద్యగ్రంథములోని శారీర భాగమునకు 1242లో వ్యాఖ్య వ్రాసెను. గుండె నడిమి గోడ దళసరియైనదనియు, అందు కనబడు రంధ్రములు గాని కనబడని రంధ్రములు గాని లేవనియు, కుడివైపు రక్తము ఊపిరితిత్తులకు పోయి, అక్కడ గాలితో కలిసి, ఎడమవైపునకు వచ్చుననియు అతడు నిష్కర్షగా చెప్పెను. ఆ వ్యాఖ్య శతాబ్దములపాటు మరుగున పడియుండి, 1924లో బెర్లిన్ గ్రంథాలయమున ఒక ఈజిప్టు వైద్యుని కంటబడినది. అంతవరకు ఈ ఘనతయంతయు యూరపు పండితులదేనని లోకము నమ్మియుండెను.

యూరపున క్రొత్త గాలి ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయమునుండి వీచెను. అచ్చట ఆచార్యుడైన వెసేలియస్ బ్రస్సెల్సు నగరమున 1514లో పుట్టినవాడు. ఆ కాలమున ఆచార్యుడు ఎత్తైన పీఠముపై కూర్చుండి గేలెన్ గ్రంథమును చదువుచుండగా, క్రింద మంగలి వృత్తివాడు శవమును కోయుచుండెడివాడు. గ్రంథము ఒకటి చెప్పి, దేహము మరియొకటి చూపినచో దేహమే పొరపడినదని భావించెడివారు. వెసేలియస్ పీఠము దిగి కత్తి తానే పట్టెను. క్రింది దవడ రెండెముకల కూర్పని గేలెన్ వ్రాసెను. మనుష్యునకు అది ఒకే యెముక యని వెసేలియస్ చూపెను. 1543లో బాసెల్ నగరమున అచ్చయిన అతని మహాగ్రంథములోని చిత్రములు నేటికిని చూపరులను నిలువరించును. గుండె గోడలోని రంధ్రములు అతనికిని కనబడలేదు. మొదటి ముద్రణమున ఆశ్చర్యపడి ఊరకుండెను. 1555లో వెలువడిన రెండవ ముద్రణమున తన సందేహమును బయటపెట్టెను.

ఇంతలో స్పెయిన్ దేశీయుడగు సెర్వీటస్, మతవిషయములపై వ్రాసిన గ్రంథమున, రక్తము ఊపిరితిత్తులగుండ పోవునని 1553లో ప్రకటించెను. ఆ యేడు అక్టోబరు 27వ తేదీన జెనీవా నగరమున అతనిని సజీవముగా దహించిరి. అది రక్తమును గూర్చి చెప్పినందులకు కాదు, మతమును గూర్చి చెప్పినందులకు. ఐనను ఆ మంటలో అతని గ్రంథ ప్రతులును పెక్కు మాడిపోయెను. 1559లో పాడువా విద్యకే చెందిన కొలంబో అదే సంగతిని తన పరీక్షలతో నిరూపించెను. పిమ్మట అచ్చటి ఆచార్యుడే యగు ఫాబ్రీషియస్ సిరలలో చిన్న చిన్న కవాటములున్నవని చూపి, 1603లో వానిపై ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. కవాటమనగా తలుపు. కాని ఆ తలుపు ఏ వైపు తెరచుకొనుచున్నది అను ప్రశ్నను అతడు చివరంట తరుమలేదు. రక్తము కాళ్లలోనికి వరదవలె దిగిపోకుండ నిలుపుటకే అవి ఉన్నవని చెప్పి సంతృప్తి పడెను.

ఆ ఫాబ్రీషియస్ యొద్ద చదువుకొని 1602లో పట్టము పొంది ఇంగ్లండు తిరిగివచ్చిన యువకుడే విలియం హార్వీ. 1578లో ఫోక్‌స్టన్ అను రేవు పట్టణమున పుట్టిన ఇతడు లండనులో వైద్యవృత్తి చేయుచు, పాములు, చేపలు, కప్పలు మొదలుకొని కుక్కలవరకు ఎన్నో జంతువుల గుండెలను పరిశీలించెను. వేడినెత్తురు జంతువుల గుండె అతివేగముగా కొట్టుకొనుటచే ఏది ముందో ఏది వెనుకో తెలియదు. చల్లని నెత్తురు గల జంతువుల గుండె మెల్లగా కొట్టుకొనును. ప్రాణము పోవుచున్న జంతువు గుండెయు అట్లే. ఆ మెల్లని కదలికలో గుండె ముడుచుకొనుటయే అసలు పని యనియు, ముడుచుకొన్నప్పుడే ధమని ఉబ్బుచున్నదనియు అతడు కనిపెట్టెను.

పిదప అతడు చేసినది ఒక సామాన్యమైన గుణకారము. గుండె ఒక్కొక్క దెబ్బకు అర ఔన్సు రక్తమును బయటికి నెట్టుచున్నదనుకొందము. ఇది మన పాత తూకమున తులమునకు కొంచెము మించును. అరగంటలో గుండె వేయిసార్లకు పైగా కొట్టుకొనును. వేయి దెబ్బలకు 500 ఔన్సులు. అనగా 15 కిలోలకు పైమాట, పాత లెక్కను సుమారు 11 వీశెలు. అరగంటలో ఇంత రక్తమును తయారుచేయుటకు ఎంత అన్నము తినవలెను? అసలు దేహము మొత్తమున గూడ అంత రక్తము లేదే! కావున క్రొత్త రక్తము క్షణక్షణము పుట్టుట లేదు, అవయవములలో ఇంకిపోవుటయు లేదు. ఉన్న రక్తమే పోవుచున్నది, తిరిగి వచ్చుచున్నది. హార్వీ తీసికొన్న లెక్క కావలెనని తక్కువగా తీసికొన్నది. నేటి కొలత ప్రకారము గుండె దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషమునకు సుమారు 5 లీటర్లు నెట్టుచున్నది. మన దేహములోని రక్తమంతయు సుమారు 5 లీటర్లే. విశ్రాంతిగా కూర్చుండి ఈ ప్రసంగము వినుచున్న ప్రతివారి రక్తమును నిమిషమునకొకసారి యాత్ర ముగించి, మరల బయలుదేరుచున్నది.

సిరలలోని తలుపుల మర్మమును గూడ హార్వీయే విప్పెను. ఆ పరీక్షను మీరు ఇంటిలోనే చూడవచ్చును. చేయి క్రిందికి వ్రేలాడవేసి, ముంజేతిపై ఉబ్బిన సిరను ఒకదానిని ఎన్నుకొనుడు. మణికట్టు వైపున దానిని ఒక వ్రేలితో నొక్కి పట్టి, రెండవ వ్రేలితో మోచేతి వైపునకు నెత్తురును నెట్టి, ఆ రెండవ వ్రేలిని తీసివేయుడు. ఆ భాగము ఒట్టిదై, లోపలికి అణగియే యుండును. పైనున్న రక్తము దిగిరాదు. మొదటి వ్రేలిని తీసినంతనే క్రిందినుండి నెత్తురు జరజర పైకి వచ్చి నింపును. అనగా సిరలోని నెత్తురు చేతివ్రేళ్లనుండి గుండెకే పోవును; గుండెనుండి వ్రేళ్లకు రాదు. గురువు తలుపును చూచెను. శిష్యుడు అది తెరచుకొను దిక్కును చూచెను.

1628లో ఫ్రాంక్‌ఫర్టు నగరమున అచ్చయిన హార్వీ పుస్తకము 72 పుటలది మాత్రమే. లోకమంతయు తనకు విరోధి యగునేమో యని అందులో అతడే భయము వెలిబుచ్చెను. పారిస్ నగరపు పండితులు చాలకాలము దానిని తిరస్కరించిరి. వారి ఆక్షేపణలలో ఒకటి న్యాయమైనదే. ధమని చివరనుండి సిర మొదటికి రక్తము ఏ దారిని పోవుచున్నది? హార్వీ ఆ దారిని చూపలేకపోయెను. ఉండి తీరవలెనని బుద్ధితో నిశ్చయించెనే గాని కన్నులతో చూడలేదు. 1657లో అతడు కన్నుమూసెను. నాలుగేండ్లకు, 1661లో, ఇటలీలోని బొలోనియా నగరవాసి మాల్పీగీ సూక్ష్మదర్శినితో కప్ప ఊపిరితిత్తిని చూచి, ధమనులను సిరలను కలుపు అతి సన్నని గొట్టములను కనుగొనెను. లాటిన్ భాషలో తలవెండ్రుకకు గల పేరునుండి వానికి 'కాపిల్లరీ' అను పేరు కలిగినది. మన శాస్త్రగ్రంథములు అదే భావముతో 'కేశనాళిక' అనినవి. నిజమునకు అవి వెండ్రుక కంటె ఎంతో సన్నము. ఎర్ర రక్తకణములు అందులో ఒకదాని వెనుక నొకటిగా వరుసకట్టి పోవలసినదే.

ఇప్పుడు మన మాటలతో ఆ త్రోవను ఒకసారి నడచి చూతము. దేహమంతటినుండి వచ్చిన నెత్తురు గుండె కుడివైపు పైగదిలో చేరును. దానికి కర్ణిక యని పేరు. లాటిన్ వారు చిన్న చెవి యను అర్థమున పేరు పెట్టగా, మనవారు కర్ణ శబ్దముతోనే మాట కూర్చిరి. అక్కడనుండి మూడు రేకుల తలుపు దాటి క్రిందిగదికి పోవును. లాటిన్‌లో దానికి చిన్న కడుపు అని పేరు. మనకు అది జఠరిక. కుడి జఠరిక ముడుచుకొనగా రక్తము పుపుస ధమని ద్వారమున ఊపిరితిత్తులకు పోయి, బొగ్గుపులుసు గాలిని విడిచి ప్రాణవాయువును గ్రహించి, ఎడమ కర్ణికకు వచ్చును. రెండు రేకుల తలుపు దాటి ఎడమ జఠరికను చేరి, బృహద్ధమని ద్వారమున దేహమంతటికిని బయలుదేరును.

ఇక్కడ విద్యార్థులు తరచు తడబడు ఒక సంగతి కలదు. ధమనిలో మంచి రక్తము, సిరలో చెడు రక్తము ఉండునని బడిలో వల్లించుదురు. పుపుస ధమనిలో ఉన్నది ప్రాణవాయువు తగ్గిన రక్తమే. పుపుస సిరలో ఉన్నది ప్రాణవాయువు నిండిన రక్తము. కావున రక్తపు గుణమును బట్టి పేరు లేదు. దిక్కును బట్టి పేరు. గుండెనుండి పోవునది ధమని. గుండెకు వచ్చునది సిర. ఈ ఒక్క నిర్వచనమున హార్వీ కనుగొన్నదంతయు ఇమిడియున్నది. ఊదుట యను అర్థము ఎప్పుడో జారిపోయినది. పేరు మాత్రము మిగిలినది.

త్రోవ తెలిసినంతనే వైద్యము మారినదా? మారలేదు. హార్వీయే తన రోగులకు నెత్తురు తీయించుచుండెను. అతని పుస్తకము వెలువడిన 171 ఏండ్లకు, 1799 డిసెంబరులో, అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టను గొంతువాపుతో మంచము పట్టగా, ఒక్క దినములో నాలుగుసార్లు నెత్తురు తీసిరి. అది రెండు లీటర్లకు మించి యుండునని చరిత్రకారుల అంచనా. ఆ రాత్రియే అతడు మరణించెను. వ్యాధి తీవ్రమైనదే, కాని దేహమున ఉన్నది 5 లీటర్లే యని మరచిన చికిత్స దానికి తోడైనది. 1835లో పారిస్ వైద్యుడు పియెర్ లూయీ రోగులను లెక్కించి, నెత్తురు తీయుటవలన న్యుమోనియా వంటి రోగములలో చెప్పుకొనదగిన మేలు లేదని చూపిన పిదపనే ఆ ఆచారము క్రమముగా సన్నగిల్లెను. నిజము పుస్తకమునుండి మంచము దగ్గరకు నడచి వచ్చుటకు రెండు శతాబ్దములు పట్టినది! రక్తము తీయుటకు మారుగా రక్తము ఎక్కించుట సురక్షితమగుటకు 1901 రావలసివచ్చెను. ఆ యేడు వియన్నాలో లాండ్‌స్టయినర్ రక్తమున వేర్వేరు వర్గములున్నవని ప్రకటించెను.

మన దేశమున సుశ్రుతుని పట్టుదల మధ్యకాలమున మరుగుపడెను. 1836లో కలకత్తా వైద్యకళాశాలలో పండిత మధుసూదన గుప్త శవమును కోసి ఆ కట్టు తెంచెను. అతడు ఆయుర్వేద పండితుడు. సుశ్రుతసంహితను మొదటిసారి అచ్చువేయించినవాడును, ఆంగ్ల శారీర గ్రంథమొకదానిని సంస్కృతమున అనువదించినవాడును అతడే. ఒక్క మనుష్యుని చేతిలో పాత గ్రంథము, క్రొత్త కత్తి, రెండు భాషల మాటలు కలిసికొన్నవి. 1835లో మద్రాసునందును, 1846లో హైదరాబాదునందును వైద్యపాఠశాలలు వెలసెను; 1923లో విశాఖపట్టణమున వైద్యకళాశాల ప్రారంభమయ్యెను. తెలుగువారి పిల్లలు అక్కడ ఆంగ్లముననే శారీరమును చదివిరి. తెలుగున చదువగోరువారికొరకు 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథములను ప్రచురించెను. ధమని, సిర, కర్ణిక, జఠరిక మొదలగు మాటలు ఇట్టి గ్రంథముల వలననే బడిపిల్లల నోట పడినవి.

కావున పాత మాటలను చూచి నవ్వవలసిన పనిలేదు. వానిని పారవేయవలసిన పనియు లేదు. కాని వైద్యుని యెదుట 'నరము' అన్నప్పుడు మూటిలో ఏదియో విడమరచి చెప్పుట మేలు. ఉబ్బి నొప్పి పెట్టుచున్నదా, తిమ్మిరి యెక్కుచున్నదా, కదలించినప్పుడు పట్టివేయుచున్నదా అని చెప్పినచో ఆయన దారి సుగమమగును. ఇంటిలో ఎవరికైనను గాయమై, నెత్తురు ఎర్రగా గుండె దెబ్బలతో పాటు ఎగజిమ్మినచో తెగినది ధమని. నల్లగా నిలుకడగా పారినచో తెగినది సిర. రెంటికిని మొదటి సాయమొక్కటే. శుభ్రమైన గుడ్డతో గాయముపై గట్టిగా అదిమిపట్టి, పట్టు సడలింపక, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. నిమిషమునకు 5 లీటర్లు నడచు త్రోవ అది. అక్కడ ఆలస్యమునకు తావులేదు.